వెనక్కి రాని లాట్

అత్తగారి గురించి రంగుల మేస్త్రికి ఇరవై ఎనిమిదేళ్ళుగా ఒకటే అభిప్రాయం. ఆవిడ మంచి మనిషే, కాకపోతే రోజుకు ఓ నాలుగు ప్రశ్నలు తక్కువ అడిగితే ఇంకా మంచి మనిషి. ఈ మాట ఆయన పెదవి దాటి ఎప్పుడూ బయటికి రాలేదు. రాకపోయినా భార్యకు తెలుసు, అత్తగారికి అంతకన్నా బాగా తెలుసు.

వీధిలో అందరూ ఆవిడను చాటుగా 'ఎందుకమ్మ' అనేవారు. అది అన్యాయమైన పేరు. ఎందుకనే మాట ఆవిడ నోట వినపడడమే అరుదు. ఎందుకని అడిగితే జనం సాకులు చెబుతారనీ, ఎప్పుడు, ఎక్కడ, ఆ తర్వాత ఏమైంది అని అడిగితే జరిగింది చెబుతారనీ ఆవిడ ఉద్దేశం. ఒకసారి పక్కింటావిడ ఫోన్లో వచ్చిన కబురొకటి పట్టుకొచ్చింది. ఏవో గింజలు నానబెట్టి ఆ నీళ్ళు తాగితే మోకాళ్ళ నొప్పులు మాయమవుతాయట. తన అన్నయ్యకు రెండు నెలల్లో పోయాయట. అత్తగారు కాదనలేదు, నవ్వలేదు. ఆ రెండు నెలల్లో మీ అన్నయ్య ఇంకా ఏమేం చేశాడమ్మా అని అడిగింది. పక్కింటావిడ వేళ్ళు మడిచి చెబుతూ చెబుతూ, మూడో అంతస్తు ఇల్లు ఖాళీ చేసి కింది వాటాలోకి మారాడని చెప్పి, అక్కడే ఆగిపోయింది. కాసేపు ఇద్దరూ గింజల పొట్లం వంక చూశారు. మేస్త్రి పేపరు అడ్డం పెట్టుకుని నవ్వాపుకున్నాడు గాని, తన మీదికి వచ్చినప్పుడు మాత్రం ఆ ప్రశ్నలు ఆయనకు చెవిలో జోరీగలే.

ఆయన పనిలో ప్రశ్నలకు చోటు లేదు. నూలుకు రంగులద్దే మిల్లులో పదహారో ఏట చేరాడు. ఇప్పుడు యాభై ఆరు. కొనేవాళ్ళు వేలెడంత గుడ్డముక్క పంపించి, అచ్చం ఇదే రంగు కావాలంటారు. ఆ ముక్కనూ, తొట్టిలో ముంచి ఆరబెట్టిన నూలునూ పక్కపక్కన పెట్టి, సరిపోయిందో లేదో చెప్పాలి. మేస్త్రి ఒక్క చూపు చూసి తలూపితే వెయ్యి కిలోల నూలు తొట్లలోకి దిగేది. పెదవి విరిస్తే పని మొత్తం ఆగేది. మీకెలా తెలిసిందని నలభై ఏళ్ళలో ఒక్కరూ అడగలేదు. అడగనవసరం లేకపోవడమే తన గొప్ప అని ఆయన నమ్మకం. అది గర్వమంటే గర్వమే, కానీ ఆ కన్ను అంత గర్వపడదగ్గ కన్నే.

అత్తగారి ఉద్యోగం మాత్రం ఆసాంతం ప్రశ్నల మీదే నడిచింది. భర్త పోయాక, ఇరవై ఆరో ఏట, చంకలో పిల్లతో బస్సు డిపోలోని పోయిన వస్తువుల గదిలో చేరింది. ముప్పై ఒక్క ఏళ్ళు ఆ గదిలోనే గడిచాయి. చిన్న కిటికీ, దాని వెనక బల్ల, బల్ల వెనక అలమరలు. వాటి నిండా గొడుగులు, భోజనం డబ్బాలు, ఒంటి చెప్పులు, కళ్ళజోళ్ళు, ఒకసారి ఏకంగా పళ్ళసెట్టు. వచ్చినవాళ్ళకు వస్తువు ముందుగా చూపించకూడదన్నది అక్కడి మొదటి నియమం. నల్ల గొడుగు పోయిందని ఒకరొస్తే లోపల నలభై నల్ల గొడుగులుంటాయి. పిడి ఎలా ఉంటుంది, పుల్లలు ఎలా ఉన్నాయి, ఆఖరిసారి ఎవరు మడిచారు అని అడుగుతూ పోతే, నిజంగా పోగొట్టుకున్న మనిషి కళ్ళ ముందు గొడుగు తెరుచుకుంటుంది. ఊరికే వచ్చినవాడు నీళ్ళు నములుతాడు.

ఈ విద్య ఆవిడకు ఊరికే రాలేదు. చేరిన మొదటి ఏడాది, ఇస్త్రీ చొక్కా వేసుకున్న ఒకాయన వచ్చి గోధుమరంగు సంచీ అడిగాడు. మర్యాదగా ఉన్నాడు. ఆవిడ తొందరలో ఉంది. జిప్పు ఊడిపోయిన సంచీయేనా అండీ అని అడిగింది. అవునన్నాడు. ఇచ్చేసింది. మర్నాడు చేతులు వణికే పెద్దాయనొకడు వచ్చి అదే సంచీ కోసం నిలబడ్డాడు. అందులో ఆయన భార్య ఆపరేషనుకు కావలసిన ఎక్స్‌రేలు ఉన్నాయి. ఆయన అరవలేదు, పై అధికారిని పిలవమనలేదు. నిన్న అతన్ని ఏమని అడిగారమ్మా అని మాత్రం అన్నాడు. ఆవిడ చెప్పింది. జవాబు మీరే చెప్పేశారు కదమ్మా అని ఆయన మెల్లగా వెళ్ళిపోయాడు. ఆ సంచీ మళ్ళీ దొరకలేదు. ఆ పెద్దాయనా మళ్ళీ కనపడలేదు. అప్పట్నుంచీ జవాబును కడుపులో పెట్టుకున్న ప్రశ్న అడగాలంటే ఆవిడకు ఒళ్ళు జలదరిస్తుంది.

ఇదంతా మేస్త్రికి భార్య ద్వారా తెలుసు. తెలిసినా, అదొక డిపో కథలాగే ఉండేది. తన నెత్తి మీదికి వచ్చేదాకా దాని విలువ ఆయనకు అందలేదు.

వానలు తగ్గాక రెండు నెలల్లో మిల్లు నుంచి వెయ్యేసి కిలోల నూలు లాట్లు ఐదు వెళ్ళాయి. అందులో మూడు వెనక్కి వచ్చాయి. పావురం రంగు ఒకటి, లేత ఆకుపచ్చ ఒకటి, ముదురు నీలం ఒకటి. రంగు కలవలేదని ముగ్గురు కొనుగోలుదారులూ ఒకే మాట రాశారు. మొదటిసారి మేస్త్రి నవ్వేశాడు. రెండోసారి కోప్పడ్డాడు. మూడోసారి కుర్చీలో కూలబడ్డాడు. యజమాని చిన్నవాడు, పాత యజమాని కొడుకు, మేస్త్రి చేతుల్లో పెరిగినవాడు. ఆయన్ని గదిలో కూర్చోబెట్టి, టీ తెప్పించి, కళ్ళు మసకగా ఉంటున్నాయా మేస్త్రీ అని అడిగాడు. కళ్ళ డాక్టరు అంతకుముందే ఒక కంట్లో శుక్లం మొదలైందని, ఈ వయసులో మామూలేనని చెప్పి ఉన్నాడు. అవునన్నాడు మేస్త్రి. అయితే సోమవారం నుంచి రంగుల గది మన ల్యాబ్‌లో పనిచేసే అమ్మాయికి అప్పగించి గౌరవంగా తప్పుకోండి, ఒక ఉత్తరం రాసివ్వండి చాలన్నాడు యజమాని. చెప్పలేక చెప్పలేక చెప్పాడు పాపం.

శనివారం మధ్యాహ్నం మేస్త్రి ఆ ఉత్తరం రాస్తూ కూర్చున్నాడు. నాలుగు వాక్యాల ఉత్తరానికి ఆరు కాగితాలు చింపాడు. నలభై ఏళ్ళుగా తనదన్నది ఒక్క కన్నే. అది పోయాక రేపట్నుంచి తానెవరో ఆయనకు తెలియడం లేదు. భార్య కొంచెం దూరంలో ఇస్త్రీ చేస్తూ, చేసిన చొక్కానే మళ్ళీ చేస్తోంది. అత్తగారు వచ్చి ఎదురు కుర్చీలో కూర్చుంది.

"అల్లుడుగారూ" అంది. ఆ 'గారూ' వినగానే మేస్త్రి ఎప్పుడూ ఒళ్ళు దగ్గర పెట్టుకునేవాడు. ఈసారి అంత ఓపిక కూడా లేదు.

"వెనక్కొచ్చినవి మూడన్నారు. మొత్తం ఎన్ని వెళ్ళాయి?"

"ఐదు."

"రానివి ఏవి?"

మేస్త్రి తలెత్తి చూశాడు. ఈ సంగతి యజమాని అడగలేదు. కొన్నవాళ్ళకు అడిగే పని లేదు. తనకూ తట్టలేదు. రెండు నెలలుగా అందరూ వచ్చిన మూడింటి చుట్టూనే తిరుగుతున్నారు. వెళ్ళి చక్కగా ఉండిపోయిన రెండింటి మొహం ఎవరూ చూడలేదు.

ఒకటి ఉత్త నలుపు, అందులో కలపడానికేముంది అన్నాడు. రెండోది ఇటుక రంగు. అది కష్టమైన రంగు, నిజానికి ఐదింటిలోకీ అదే కష్టం. అది ఎలా చూశారో మొదట్నుంచీ చెప్పమంది అత్తగారు. మేస్త్రి విసుగ్గా మొదలుపెట్టాడు. ఆ రోజు పొద్దున్నే కరెంటు పోయిందని, గదిలో ఏమీ కనపడక చిలపగా చుట్టిన నూలునూ గుడ్డముక్కనూ పట్టుకుని ఆవరణలోకి వెళ్ళాననీ చెబుతుండగానే ఆయన మాట నెమ్మదించింది.

అత్తగారు ఆ మాటను అందిపుచ్చుకోలేదు. అదిగో చూశారా అనలేదు. ఆ నిగ్రహం చూసి మేస్త్రికి మొదటిసారి ఏదోలా అనిపించింది. వానలకు ముందు రంగుల గది ఎలా ఉండేదో, ఇప్పుడెలా ఉందో చెప్పమంది, అంతే. ఉత్తరం వైపు పెద్ద కిటికీ ఉండేది, దాని కిందే బల్ల. ఇప్పుడు ఆ కిటికీకి అడ్డంగా రంగు డబ్బాల అలమరలు వచ్చాయి. కొత్త దీపాలు పెట్టాక కిటికీతో పని లేకుండా పోయింది.

"దీపాలు ఎవరు పెట్టమన్నారు?"

భార్య ఇస్త్రీపెట్టె పక్కన పెట్టింది. మేస్త్రి ఆమె వంక చూసి తల దించుకున్నాడు. వానాకాలంలో సాయంత్రాలు చూపు ఆనడం లేదని ఆయనకు అనుమానం వచ్చింది. ఆ సంగతి భార్యకు కూడా చెప్పలేదు. గదికి వెలుతురు చాలడం లేదని యజమానితో అని, దీపాలు వేయించుకున్నాడు.

"నేనే" అన్నాడు. "పగటి వెలుతురుతో సమానమని పెట్టె మీద రాసుంది అత్తయ్యా."

"రాసినవాడు మీ నూలు చూశాడా?"

ఇంకొకప్పుడైతే ఈ మాటకు మేస్త్రికి ఒళ్ళు మండేది. ఇప్పుడు మాత్రం ఉత్తరం మీద పెన్ను పడేశాడు. రంగు ఎప్పుడూ కిటికీ దగ్గర చూడాలని తనకు పని నేర్పిన ముసలి మేస్త్రి మొదటి రోజే చెప్పాడు. తాను వందమందికి చెప్పాడు. కళ్ళు పోతున్నాయన్న భయంలో అది ఎలా మర్చిపోయాడో ఆయనకే అంతుపట్టలేదు.

ఆదివారం పొద్దున తొమ్మిదింటికి వాచ్‌మన్ మిల్లు గేటు తీశాడు. మేస్త్రి, అత్తగారు, కబురంపితే వచ్చిన ల్యాబ్ అమ్మాయి, ముగ్గురూ రంగుల గదిలోకి వెళ్ళారు. ఆ అమ్మాయి చదువు ముగించి రెండేళ్ళయింది. మేస్త్రి కుర్చీ తనకు వస్తోందన్న సిగ్గుతో నాలుగు రోజులుగా ఆయన మొహం చూడడం లేదు. డెబ్బై ఆరేళ్ళ అత్తగారు చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని, రంగు మరకల నేల మీద జాగ్రత్తగా అడుగులేస్తూ, బడికి మొదటిసారి వచ్చిన పిల్లలా అన్నీ చూసింది. తొట్టి ఎంత లోతు, ఈ వాసన దేనిది, చేతుల మీద రంగు ఎన్నాళ్ళకు పోతుంది అని అడిగింది. ల్యాబ్ అమ్మాయి జవాబులు చెబుతూ చెబుతూ మామూలు మనిషి అయింది.

వెనక్కి వచ్చిన మూడు లాట్ల నూలూ, వాటి గుడ్డముక్కలూ దీపాల కింద పెట్టారు. మేస్త్రి చూశాడు. మూడూ కలిశాయి. వెంట్రుకవాసి తేడా లేదు. అత్తగారు ఆయన్ని బయటికి పంపించి, అదే పని ల్యాబ్ అమ్మాయి చేత చేయించింది. ఇరవై నాలుగేళ్ళ కళ్ళు. ఆ కళ్ళకూ మూడూ కలిశాయి. తర్వాత వాచ్‌మన్ సాయంతో అలమరలు పక్కకు లాగారు. కిటికీ తలుపులు బిగుసుకుపోయి ఉన్నాయి, రెండు గుద్దులు గుద్దితే గాని తెరుచుకోలేదు. దీపాలు ఆర్పి, బల్లను మళ్ళీ కిటికీ కిందికి జరిపారు.

అప్పుడు జరిగింది మేస్త్రి జన్మలో మర్చిపోడు. పావురం రంగు నూలు కళ్ళ ముందే ఎర్రబడింది. గుడ్డముక్క మాత్రం చల్లగా బూడిద రంగులోనే ఉంది. ఇంతకుముందు కవలల్లా ఉన్నవి ఇప్పుడు ఒకదానికొకటి ముక్కూ మొహం తెలియనట్టున్నాయి. ఆకుపచ్చా అంతే. కొన్నవాళ్ళ ముక్కకు వాడిన రంగు మందు వేరు, మన తొట్టిలో కలిపిన మందు వేరు, ఒక దీపం కింద రెండూ ఒకటిగా కనపడి ఎండలో విడిపోతాయి, పుస్తకంలో చదివాను గాని కళ్ళారా ఇదే చూడడం అంటూ ల్యాబ్ అమ్మాయి గుక్క తిప్పుకోకుండా చెబుతోంది. మేస్త్రికి ఆ మాటలు సగమే వినపడుతున్నాయి. నలభై ఏళ్ళ పరువు, తిరిగొచ్చిన మూడు వేల కిలోల నూలు, ఆరు కాగితాలు చింపిన ఉత్తరం, ఇవన్నీ ఏనాడూ నూలు ముట్టుకోని ఒక ముసలావిడ 'రానివి ఏవి' అన్నందుకు తలకిందులైపోయాయి. ఆయనకు కళ్ళు చెమర్చాయి. ఆ సంగతి దాచుకోవాలని కూడా తోచలేదు.

"పదండి అత్తయ్యా, ఇంటికెళ్దాం" అన్నాడు.

అత్తగారు కదల్లేదు. "దీపాలు సరిగ్గా లేవని తేలింది" అంది. "మీ కళ్ళు సరిగ్గా ఉన్నాయని ఎక్కడ తేలింది?"

మేస్త్రికి తల కొట్టేసినట్టయింది. గెలిపించి, కాసేపైనా ఆ గెలుపు మీద కూర్చోనివ్వకుండా లాగేసే మనిషిని ఏమనాలి? ఇంకొకరెవరైనా అయితే గేటు దాటి వెళ్ళిపోయేవాడు. కానీ ఆవిడ మొహంలో వేళాకోళం లేదు. ఆవిడ చెంగు చివర వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ ఉంది. అది భయపడ్డప్పుడు చేసే పని. ఈ జవాబు ఎటైనా పోవచ్చని ఆవిడకు తెలుసు. తెలిసే అడిగింది. మేస్త్రి కుర్చీ లాక్కుని కిటికీ దగ్గర కూర్చున్నాడు.

ల్యాబ్ అమ్మాయి ఇరవై జతలు తయారు చేసింది. కొన్ని సరిగ్గా కలిసేవి, కొన్ని ఇసుమంత తేడా ఉన్నవి. ఏది ఏదో ఒక కాగితం మీద రాసుకుంది. అత్తగారు ఆ అమ్మాయిని బయటికి పొమ్మంది. జవాబు తెలిసిన మనిషి ఎదురుగా ఉంటే నోరు చెప్పకపోయినా మొహం చెప్పేస్తుందట. తనకు జవాబులు తెలియవు కాబట్టి జతలు తానే ఒక్కొక్కటీ అందించింది. ఇవి కలిశాయా అని కూడా అనలేదు. ఏం కనపడుతోంది అంది, ఇరవైసార్లు, ఇరవైసార్లూ ఒకే గొంతుతో. మేస్త్రి చెప్పిందల్లా రాసుకుంది. ఆ తర్వాత రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి, ల్యాబ్ అమ్మాయీ తానూ కలిసి చూశారు.

పద్దెనిమిది ఒప్పు. రెండు తప్పు. తప్పిన రెండూ ముదురు నీలాలు.

ల్యాబ్ అమ్మాయికి గుర్తొచ్చి, కిటికీ దగ్గర పెట్టిన మూడో లాటు, ముదురు నీలం, మళ్ళీ చూసింది. అది పగటి వెలుతురులో కూడా మేస్త్రికి కలిసినట్టే కనపడింది. ఆ అమ్మాయికి తేడా తెలుస్తోంది. అత్తగారు రెండు కాగితాలూ మడిచి మేస్త్రి చేతిలో పెట్టింది. తన దగ్గర నకలు ఉంచుకోలేదు.

దారిలో మేస్త్రి అడిగాడు, ఇది యజమానికి చెప్పకపోతే ఏమవుతుందని. తననే అడిగారో, గాలిని అడిగారో తెలియనట్టు ఆవిడ నడుస్తూనే ఉంది. ఆయనే జవాబు వెతుక్కోవాల్సి వచ్చింది. ఇంకో నీలం లాటు వెళ్తుంది. అది వెనక్కి వస్తుంది. అప్పటికి తప్పు మోపడానికి దీపాలు ఉండవు, పక్కన కొత్తగా చేరిన ఆ పిల్ల ఉంటుంది. తప్పు ఆ పిల్ల మీదికి పోతుంది. ఇల్లు చేరేసరికి ఆయన ఆలోచన ఇక్కడిదాకా వచ్చింది.

సోమవారం యజమాని కిటికీ దగ్గర నిలబడి పావురం రంగు నూలును దీపం కిందికీ పగటి వెలుతురులోకీ నాలుగుసార్లు తిప్పి చూశాడు. నోరెళ్ళబెట్టాడు. తర్వాత మేస్త్రి రెండు చేతులూ పట్టుకున్నాడు. బతికించారు, ఆ ఉత్తరం చింపేయండి, అంటే మీ కళ్ళకేం కాలేదన్నమాటేగా మేస్త్రీ అన్నాడు. ఎంత ప్రేమగా అడిగాడంటే, అవునంటే ఆ గదిలో ఉన్న ప్రతి ఒక్కరికీ హాయిగా ఉండేది. మేస్త్రి జేబులో చెయ్యి పెట్టాడు. ఒక మడత ఉత్తరం, ఇంకో మడత నిన్నటి కాగితాలు. కాగితాలు తీసి బల్ల మీద పరిచాడు.

"ముదురు నీలం నాకు దొరకట్లేదు బాబూ. అది ఈ అమ్మాయి చూడాలి. మిగతావి నేను చూస్తాను. ఆర్నెల్లకోసారి నాకు ఇదే పరీక్ష పెట్టండి."

యజమాని ఆ కాగితాలు దగ్గరికి లాక్కుని చూశాడు. ఇరవై గళ్ళలో ముసలావిడ వణికే చేతిరాత, పక్కన ల్యాబ్ అమ్మాయి గుండ్రటి చేతిరాత. ల్యాబ్ అమ్మాయి తనకూ అదే పరీక్ష పెట్టమని అడిగింది. యజమాని సరేనన్నాడు. దీపాలు ఆ మధ్యాహ్నమే విప్పించాడు.

సాయంత్రం మేస్త్రి ఇల్లు చేరేసరికి అత్తగారు గడప దగ్గర కూర్చుని ఊడిన గుండీ కుట్టుకుంటోంది. ఏమైందని అడుగుతుందనుకున్నాడు. అడగలేదు. ఆయనే పక్కన మెట్టు మీద కూర్చుని అంతా చెప్పాడు. ఆవిడ సూదిలో దారం ఎక్కిస్తూ విన్నది. మూడుసార్లు తప్పి నాలుగోసారి ఎక్కింది. చెప్పడం అయిపోయాక కూడా మేస్త్రి లేవలేదు. ఇరవై ఎనిమిదేళ్ళలో ఆయన ఆవిడను ఏదీ అడిగి ఎరగడు.

"అత్తయ్యా, నిన్న ఇరవైకి ఇరవై తప్పొచ్చుంటే ఏం చేసేవారు?"

ఆవిడ గుండీ పక్కన పెట్టింది. అల్లుడు అడిగింది నిజంగా తెలుసుకోవడానికేనని తేల్చుకున్నట్టు ఒకసారి మొహంలోకి చూసింది.

"ఆ ఉత్తరం ఇవ్వమనే చెప్పేదాన్ని" అంది. "గేటుదాకా మీతో నేనూ వచ్చేదాన్ని."